అడుగు పడితే వెలిగే నేల: సెన్సర్ ఫ్లోర్‌ను చేత్తో కట్టుకునే విధానం

అడుగు పడగానే వెలిగే నేల కట్టాలనుకునేవాళ్ళు ముందుగా లైట్ల గురించే ఆలోచిస్తారు. ఏ ఎల్‌ఈడీ స్ట్రిప్ కొనాలి, ఎలాంటి ఎఫెక్టులు పెట్టాలి అని. నిజానికి లైట్లే ఇందులో తేలికైన భాగం. స్ట్రిప్‌లు తయారుగా దొరుకుతాయి, వాటిని నడిపే లైబ్రరీలు (ముందే రాసి ఉంచిన కోడ్) ఉచితం. తలనొప్పంతా పాదంతోనే. చిన్నపిల్ల మెల్లగా నడిచినా, 80 కిలోల మనిషి ఎగిరి దూకినా నేల గుర్తించాలి. విరగకూడదు. ఎవరూ లేనప్పుడు తనంతట తాను వెలగకూడదు. అందుకే ఇక్కడ సెన్సర్‌కూ, చెక్కపనికీ, కోడ్‌లోని లెక్కకూ ఎక్కువ చోటిచ్చాను.

మనం కట్టబోయేది మూడు వరుసల్లో మూడేసి చొప్పున తొమ్మిది పలకల నేల. ఒక్కో పలక 45 సెం.మీ. చదరం. పలకల మధ్యా చుట్టూ అంచుల్లోనూ 2 సెం.మీ. సందు ఉంటుంది. లైట్లు ఆ సందుల్లోనే. అన్నీ కలిపితే నేల 143 సెం.మీ. చదరం వస్తుంది.

పలక మొత్తం వెలగాలని చాలామంది పైన అక్రిలిక్ వేస్తారు. నేను ఆ దారి వద్దంటాను. 10 మి.మీ. మందం ఉన్న అక్రిలిక్ కూడా, 45 సెం.మీ. వెడల్పున అంచుల మీదే ఆని ఉంటే, మధ్యలో మనిషి నిలబడినప్పుడు కొన్ని మిల్లీమీటర్లు వంగుతుంది. పగిలితే పదునైన ముక్కలవుతుంది. పగలకపోయినా బూట్ల కింద ఇసుక దాన్ని త్వరగానే మసకబారుస్తుంది. మనుషులు ప్లైవుడ్ మీద నిలబడాలి, వెలుతురు వాళ్ళ చుట్టూ గీతలుగా రావాలి. చేత్తో కట్టే నేలకు ఇదే నమ్మకమైన పద్ధతి. చీకటి గదిలో చూడ్డానికి కూడా, పలక వెలగడం కంటే పాదం చుట్టూ చతురస్రం వెలగడమే బాగుంటుందని నా అభిప్రాయం.

1. కొనే ముందు లెక్క

సందులను 45 సెం.మీ. ముక్కలుగా చూస్తే అడ్డంగా 12, నిలువుగా 12, మొత్తం 24 ముక్కలు. మీటరుకు 30 ఎల్‌ఈడీలు ఉండే డబ్ల్యూఎస్2812బీ స్ట్రిప్ (ఒక్కో ఎల్‌ఈడీ రంగును విడిగా మార్చగలిగే రకం) తీసుకుంటే ఒక్కో ముక్కలో 13 పడతాయి. మొత్తం 312. ఈ ఒక్క అంకె మీదే మిగతా నిర్ణయాలన్నీ ఆధారపడతాయి.

ఒక్కో ఎల్‌ఈడీ పూర్తి తెలుపులో గరిష్ఠంగా 60 మిల్లీఆంపియర్లు లాగుతుందని లెక్కేసుకోవాలి. 312కి దాదాపు 19 ఆంపియర్లు. మెమరీలో ఒక్కోదానికి 3 బైట్లు, అంటే 936 బైట్లు. ఒక ఎల్‌ఈడీకి సమాచారం పంపడానికి 30 మైక్రోసెకన్లు పడుతుంది కాబట్టి మొత్తానికి 9.4 మిల్లీసెకన్లు. సెకనుకు 50 ఫ్రేములు (లైట్లను తిరగరాసే విడతలు), అంటే ఫ్రేముకు 20 మిల్లీసెకన్లు పెట్టుకుంటే ఇంకా సగం సమయం మిగులుతుంది. మీటరుకు 60 ఉన్న స్ట్రిప్ తీసుకుంటే ఆ సమయమంతా లైట్లకే సరిపోతుంది, కరెంటు కూడా రెట్టింపవుతుంది. పాలరంగు మూత ఉన్న అల్యూమినియం ఛానల్‌లో పెడితే 30 చాలు.

సెన్సర్లను చదివి లైట్లను నడిపే బోర్డు విషయానికొస్తే ఆర్డుయినో మెగా 2560 ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. దానికి 16 అనలాగ్ ఇన్‌పుట్‌లు (వోల్టేజ్‌ను అంకెగా చదివే పిన్నులు) ఉన్నాయి, పలకకొకటి చొప్పున మనకు కావలసినవి 9. ర్యామ్ 8 కిలోబైట్లు. డేటా సిగ్నల్ 5 వోల్టులు, డబ్ల్యూఎస్2812బీకి కావలసిందీ అదే. ఈఎస్‌పీ32 అనే వైఫై బోర్డు వేగమైనదే, కానీ దాని సిగ్నల్ 3.3 వోల్టులు. మధ్యలో సిగ్నల్‌ను 5 వోల్టులకు పెంచే 74ఏహెచ్‌సీటీ125 లాంటి లెవెల్ షిఫ్టర్ చిప్ పెట్టాలి. వైఫై వాడుతుంటే దాని అనలాగ్ పిన్నుల్లో కొన్ని పనిచేయవు. వైఫై అవసరం లేనప్పుడు ఆ గొడవ మనకెందుకు?

2. ఏ సెన్సర్?

పీజో బిళ్ళలు (ఒత్తితే విద్యుత్ పుట్టించేవి) చవక, కానీ అవి మార్పును మాత్రమే పసిగడతాయి. అడుగు పడిన క్షణం తెలుస్తుంది, మనిషి ఇంకా అక్కడే ఉన్నాడో లేదో తెలియదు. లోడ్ సెల్‌లు బరువును చక్కగా కొలుస్తాయి. అయితే పలకకు నాలుగు చొప్పున 36 సెల్‌లు, పైగా వాటి సిగ్నల్‌ను చదవడానికి హెచ్‌ఎక్స్711 బోర్డులు కావాలి. మనకు బరువు అక్కర్లేదు, ఉనికి చాలు. కెమెరా పెడితే వెలుతురు మారినప్పుడల్లా మళ్ళీ సర్దుకోవాలి.

నా ఓటు వెలోస్టాట్‌కే. కార్బన్ కలిపిన నల్లని ప్లాస్టిక్ షీటు ఇది, మందం మిల్లీమీటరులో పదో వంతు. ఒత్తితే దీని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. కత్తెరతో కోసుకోవచ్చు. దీనికొక దుర్గుణం ఉంది. చాలాసేపు బరువు మోశాక పాత విలువకు వెంటనే తిరిగి రాదు, విలువ మెల్లగా జారుతూ ఉంటుంది. దాన్ని కోడ్‌లో సర్దుకుంటాం.

3. ప్యాడ్ తయారీ

మామూలుగా అందరూ చేసేది శాండ్‌విచ్. కింద రాగి, మధ్యలో వెలోస్టాట్, పైన రాగి. దీనిలో చిక్కేమిటంటే పై రాగికి వెళ్ళే వైరు పలకతో పాటు కదులుతుంది. రోజుకు వందలసార్లు వంగే సోల్డర్ అతుకు ఏదో ఒక రోజు తెగుతుంది, అదీ జనం ఉన్నప్పుడే.

దానికి బదులు రెండు రాగి పట్టీలనూ కిందే అంటించండి. 2 సెం.మీ. వెడల్పు, 5 సెం.మీ. పొడవున్న కాపర్ టేప్ ముక్కలు రెండు, వాటి మధ్య 2 మి.మీ. ఖాళీ. రెండింటినీ కప్పేలా పైన 6 సెం.మీ. చదరం వెలోస్టాట్. దాని మీద అదే కొలతలో 5 మి.మీ. గట్టి ఈవీఏ లేదా నియోప్రీన్ ఫోమ్. పలక ఒత్తగానే కరెంటు ఒక పట్టీ నుంచి వెలోస్టాట్‌లోకి ఎక్కి రెండో పట్టీలోకి దిగుతుంది. పలకకు ఒక్క వైరు కూడా ఉండదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎత్తి పక్కన పెట్టొచ్చు. రిపేరు సమయంలో దీని విలువ తెలుస్తుంది.

వెలోస్టాట్‌కు గమ్ పూయకండి. మధ్యలో గమ్ చేరితే ఆ చోట కరెంటు పారదు. ఒక అంచున మాత్రం టేపుతో పట్టి ఉంచండి. రెండు కాపర్ టేపులను కలపాల్సి వస్తే ఒకదాని మీద ఒకటి అంటించి ఊరుకోకుండా సోల్డర్ చేయండి, ఎందుకంటే చాలా టేపుల జిగురు కరెంటును పోనివ్వదు. మెత్తటి స్పాంజి వాడకండి, కొన్నాళ్ళకు అణిగి అలాగే ఉండిపోతుంది.

పలక నాలుగు మూలల కింద నాలుగు ప్యాడ్‌లు పెట్టి, వాటిని సమాంతరంగా కలిపితే ఒక పలకకు రెండే వైర్లు మిగులుతాయి. మనిషి ఏ మూల నిలబడినా ఏదో ఒక ప్యాడ్ మీద బరువు పడి మొత్తం విలువ మారుతుంది. 18 మి.మీ. ప్లైవుడ్ పలక బరువు దాదాపు 2 కిలోలు. ఆ బరువే వెలోస్టాట్‌ను రాగికి ఆనించి ఉంచుతుంది కాబట్టి స్ప్రింగులు అక్కర్లేదు.

తొమ్మిదీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక్క పలక పూర్తిగా చేసి, దాని మీద ఇంట్లో అందరినీ నడిపించి చూశాకే మిగతావి కోయండి.

4. రెసిస్టర్ ఎంచుకోవడం

5 వోల్టుల నుంచి ప్యాడ్‌లకు, ప్యాడ్‌ల నుంచి అనలాగ్ పిన్‌కు, ఆ పిన్ నుంచి ఒక స్థిర రెసిస్టర్ ద్వారా గ్రౌండ్‌కు. ఇది మామూలు వోల్టేజ్ డివైడర్, అంటే రెండు నిరోధాలు 5 వోల్టులను పంచుకునే అమరిక. అందరూ ఇక్కడ అలవాటుగా 10 కిలోఓమ్ పెట్టేసి, రీడింగ్ సరిగా కదలడం లేదని బాధపడతారు. ముందు మల్టీమీటరుతో రెండు కొలతలు తీసుకోండి. పలక ఖాళీగా ఉన్నప్పుడు ఎంత, తేలికైన మనిషి నిలబడ్డప్పుడు ఎంత అని. ఆ రెండింటినీ గుణించి వర్గమూలం తీస్తే వచ్చేదే సరైన రెసిస్టర్.

ఉదాహరణకు ఖాళీగా 10,000 ఓమ్‌లు, మనిషి ఎక్కితే 400 ఓమ్‌లు వచ్చాయనుకుందాం. గుణిస్తే 40 లక్షలు, వర్గమూలం 2,000. రెండు కిలోఓమ్‌ల రెసిస్టర్ పెడితే మెగా రీడింగులకు 0 నుంచి 1023 వరకు ఉండే స్కేలు మీద ఖాళీ పలక దాదాపు 170, మనిషి ఎక్కిన పలక దాదాపు 850 చూపిస్తాయి. అదే 10 కిలోఓమ్ పెట్టి ఉంటే ఖాళీగా 511, ఎక్కితే 983 వచ్చేవి. తేడా 680 నుంచి 470కి పడిపోతుంది. మీ ప్యాడ్‌లకు వచ్చే అంకెలు వేరుగా ఉంటాయి, కొలిచాకే కొనండి. స్థిర రెసిస్టర్‌కు సమాంతరంగా 100 నానోఫారడ్ కెపాసిటర్ ఒకటి పెడితే పొడవాటి వైర్లు పట్టుకొచ్చే గోల చాలావరకు తగ్గుతుంది.

5. చెక్కపని

అడుగున 18 మి.మీ. ప్లైవుడ్. ఒకే షీటులో రాదు కాబట్టి రెండు ముక్కలు కలపాల్సి వస్తుంది. అతుకు సరిగ్గా ఒక సందు కిందికి వచ్చేలా కోసుకోండి. సందులున్న చోట 18 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. ఎత్తు ఉన్న చెక్క పట్టీలు బిగించండి. వీటికి రెండు పనులు. పైన అల్యూమినియం ఛానల్‌ను మోస్తాయి, పక్కకు జారకుండా పలకలను పట్టి ఉంచుతాయి. సందు 20, పట్టీ 18 కాబట్టి పలకకు ఇరువైపులా ఒక్కో మిల్లీమీటరు ఆట ఉంటుంది. అంతకంటే బిగిస్తే పలక పట్టేసి కిందికి దిగదు, దిగితే పైకి రాదు. చెక్క తేమకు ఉబ్బుతుందని గుర్తుంచుకుని కోత తర్వాత అంచులకు కూడా వార్నిష్ వేయండి.

ఛానల్ పైభాగం పలక పైభాగం కంటే 2, 3 మి.మీ. కిందే ఉండాలి. బరువు ఎప్పుడూ చెక్క మీదే పడాలి, పాలరంగు మూత మీద కాదు.

ఎగిరి దూకేవాళ్ళ కోసం ఇంకో ఏర్పాటు. పలక నాలుగు భుజాల మధ్యలో, అడుగున చిన్న నిలుపు చెక్కలు అంటించండి. పలకను ప్యాడ్‌ల మీద పెట్టాక కింద ఎంత ఎత్తు మిగిలిందో కొలిచి, అంతకంటే ఒక మిల్లీమీటరు తక్కువగా చేయండి. మామూలు అడుగు ప్యాడ్‌ల మీదే ఆగుతుంది. దూకుడు బరువు నేరుగా నిలుపు చెక్కల మీదికి పోతుంది, వెలోస్టాట్ నలగదు.

మొత్తం ఎత్తు 4 సెం.మీ. దాటుతుంది. చీకట్లో కాలు తగలడానికి అది చాలు. చుట్టూ వాలు కట్టండి. చక్రాల కుర్చీ ఎక్కాలంటే ఒకటికి పన్నెండు వాలు కావాలి, అంటే 50 సెం.మీ. పొడవు. పలకల అంచులు గుండ్రంగా గీయండి, పైన జారని పెయింట్ వేయండి. సన్న మడమల చెప్పులతో ఎక్కవద్దని పక్కన ఒక బోర్డు పెట్టండి.

6. వైరింగ్, పవర్

మెయిన్స్ కరెంటు నేల కిందికి అస్సలు రాకూడదు. పవర్ సప్లై పక్కన గాలి ఆడే పెట్టెలో ఉండాలి, ఆ కనెక్షన్ ఎలక్ట్రీషియన్ చేత, లీకేజీ బ్రేకర్‌తో ఇప్పించండి. నేల కిందికి వెళ్ళేది 5 వోల్టులు మాత్రమే. షాకు భయం లేకపోయినా 20 ఆంపియర్ల షార్ట్ సర్క్యూట్ చెక్కను అంటించగలదు. అందుకే 24 ముక్కలను ఆరేసి చొప్పున నాలుగు శాఖలుగా విడగొట్టి, ఒక్కో శాఖకు 5 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టండి. సప్లై 5 వోల్టులు, 20 ఆంపియర్లది. శాఖలకు 1.5 చదరపు మి.మీ. వైరు, సప్లై నుంచి ఫ్యూజ్‌ల దాకా ఇంకా లావు వైరు. ప్రతి శాఖకూ పవర్ విడిగా ఇవ్వాలి. స్ట్రిప్‌లోని సన్నటి రాగి మీదుగానే మొత్తం పంపితే చివరి ముక్కల్లో తెలుపు కాస్తా నారింజ రంగుకు తిరుగుతుంది.

డేటా వైరు మాత్రం ఒకే గొలుసుగా 24 ముక్కల గుండా వెళ్తుంది. స్ట్రిప్ మీది బాణం గుర్తు చూసుకుంటూ కలపండి. ఏ ముక్క ఎన్నో నంబరు, ఏ వైపు నుంచి మొదలైందో కాగితం మీద గీసి పెట్టుకోండి, కోడ్ రాసేటప్పుడు ఆ కాగితమే దిక్కు. మొదటి ఎల్‌ఈడీకి ముందు డేటా వైరులో 330 ఓమ్‌ల రెసిస్టర్, సప్లై దగ్గర 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్. మెగా గ్రౌండ్, లైట్ల గ్రౌండ్ తప్పనిసరిగా కలవాలి.

ప్యాడ్‌లకు ఇచ్చే 5 వోల్టులు మెగా బోర్డు మీది 5 వోల్టు పిన్ నుంచే తీసుకోండి, లైట్ల సప్లై నుంచి కాదు. మెగా తన రీడింగ్‌ను తన 5 వోల్టులతో పోల్చి చెబుతుంది. ప్యాడ్‌లకు వేరే చోటి నుంచి ఇస్తే, లైట్లు ఒక్కసారిగా వెలిగినప్పుడు ఆ వోల్టేజ్ కొంచెం కుంగి రీడింగులన్నీ కదులుతాయి. లైటు వెలిగినందుకు నేల ఒత్తుకున్నట్టు అనిపించడం, అలా అనిపించినందుకు మళ్ళీ లైటు వెలగడం. ఈ దెయ్యాన్ని కోడ్‌లో వెతికితే దొరకదు. మెగాకు విడిగా చిన్న అడాప్టర్ పెట్టేయండి.

7. అడుగును గుర్తించే లెక్క

ఫ్రేముకు ఒకసారి తొమ్మిది పిన్నులనూ చదవాలి. ఒక్కో పిన్నును రెండుసార్లు చదివి మొదటిది వదిలేయండి, పిన్ మారగానే వచ్చే రీడింగ్‌లో పక్కదాని ఛాయ ఉండొచ్చు. ఒక రీడింగ్‌కు 0.11 మిల్లీసెకన్లు. పద్దెనిమిదికి 2 మిల్లీసెకన్లే.

'500 దాటితే అడుగు పడినట్టు' అని ఒకే అంకె రాస్తే మొదటి గంట బాగానే ఉంటుంది. తర్వాత వెలోస్టాట్ జారుతుంది, చెక్క తేమ పీలుస్తుంది, ఒక పలక శాశ్వతంగా వెలిగి కూర్చుంటుంది. అందుకే ప్రతి పలకకూ ఒక 'ఖాళీ విలువ' ఉంచుకోవాలి. పలక మీద ఎవరూ లేరని నమ్మినంతసేపు, ప్రతి ఫ్రేములో, రీడింగ్‌కూ ఖాళీ విలువకూ ఉన్న తేడాలో 512వ వంతును ఖాళీ విలువకు కలపండి. సెకనుకు 50 ఫ్రేముల చొప్పున అది సుమారు 10 సెకన్ల నిదానంతో వెంబడిస్తుంది. ఈ లెక్కకు దశాంశాలు దాచుకోగల వేరియబుల్ వాడాలి, పూర్ణాంకమైతే అంత చిన్న వంతు సున్నా అయిపోతుంది.

కిందికి మాత్రం వేగంగా దిగనివ్వండి. రీడింగ్ ఖాళీ విలువకంటే తక్కువైతే తేడాలో ఎనిమిదో వంతు చొప్పున. కారణం చెబుతాను. నేల ఆన్ చేసేటప్పుడు ఎవరో ఒకరు దాని మీద నిలబడే ఉంటారు. వాళ్ళ బరువే ఖాళీ విలువ అనుకుని నేల మొదలవుతుంది. వాళ్ళు దిగగానే విలువ చకచకా దిగిపోతే ఎవరూ ఏమీ చేయక్కర్లేదు.

గుర్తించడానికి రెండు గీతలు పెట్టుకోండి. ఖాళీ విలువ కంటే 120 ఎక్కువైతే 'ఎక్కారు', ఆ తేడా 60 కంటే తక్కువకు పడితే 'దిగారు'. ఒకే గీత ఉంటే దాని దగ్గర ఊగే రీడింగ్‌కు లైట్లు కొట్టుకుంటాయి. ఎక్కారనడానికి వరుసగా రెండు ఫ్రేములు చాలు, దిగారనడానికి 100 మిల్లీసెకన్లు ఆగండి. ఎవరో బ్యాగు పెట్టి మరిచిపోయారనుకోండి, నిమిషం పాటు విలువ నిశ్చలంగా ఉంటే దాన్నే కొత్త ఖాళీ విలువగా తీసుకోవచ్చు. నిలబడ్డ మనిషి విలువ అంత నిశ్చలంగా ఉండదు, శరీరం ఎప్పుడూ కొద్దిగా ఊగుతూనే ఉంటుంది.

ఈ అంకెలన్నీ ఆర్డుయినో సీరియల్ ప్లాటర్‌లో (రీడింగులను గ్రాఫ్‌గా చూపే విండో) తొమ్మిది రంగుల గీతలుగా చూస్తూ సర్దుకోండి. పక్క పలక మీద అడుగు పడినప్పుడు ఈ పలక గీత ఎంత లేస్తుందో గమనించి, పై గీతను దానికి రెట్టింపు ఎత్తులో పెట్టండి.

8. వెలుతురు ప్రవర్తన

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1969లో గ్లోఫ్లో అనే ఒక ప్రదర్శన పెట్టారు. దాన్ని కట్టినవాళ్ళలో మైరన్ క్రూగర్ ఒకరు. చీకటి గదిలో వెలుగు గొట్టాలు, నేలలో ఒత్తిడిని పసిగట్టే ప్యాడ్‌లు, వెనక కంప్యూటర్. ప్రశాంతంగా ఉండాలని స్పందనను కావాలనే ఆలస్యం చేశారు. దాంతో గది తమకే స్పందిస్తోందని చాలామందికి తెలియనే లేదు. క్రూగర్ తర్వాతి పనుల్లో స్పందన వెంటనే కనబడేలా చూసుకున్నాడు. మన నేలకూ అదే సూత్రం. అడుగు పడిన వెంటనే ఏదో ఒకటి మారాలి, అందాలన్నీ ఆ తర్వాతే.

ప్రతి పలకకూ 0 నుంచి 255 వరకు ఒక 'శక్తి' ఉందనుకోండి. అడుగు పడగానే నేరుగా 255. నిలబడి ఉంటే 160కి దిగి అక్కడ ఆగుతుంది. కాలు తీశాక ప్రతి ఫ్రేములో 0.94తో గుణించండి, దాదాపు 1.8 సెకన్లలో ఆరిపోతుంది. వెలగడం తక్షణం, ఆరడం నిదానం. ఈ తేడా వల్లే మనిషి నడిచిన దారి కాసేపు కనబడుతుంది.

లోపలి సందు ఒక్కోటీ రెండు పలకలకు చెందుతుంది. వాటి శక్తుల్లో ఎక్కువైనదాన్ని తీసుకోండి. కానీ రెండు పలకల మీదా ఒకేసారి మనుషులుంటే, ఆ ఉమ్మడి సందుకు వేరే రంగు ఇవ్వండి. నేల నీలంగా ఉంటే అది బంగారు రంగు కావచ్చు. జనాన్ని ఎక్కువసేపు ఆపేది ఈ ఒక్క నియమమే. పరిచయం లేనివాళ్ళు కూడా ఆ గీత కోసం పక్కపక్కన నిలబడతారు, దాన్ని పొడిగించడానికి మూడో మనిషిని పిలుస్తారు. పది రకాల ఎఫెక్టులు పెట్టాలని ఉబలాటపడకండి.

లైట్లకు పంపే ముందు గామా సవరణ చేయాలి, అంటే అంకెలను కంటి తీరుకు తగ్గట్టు మార్చాలి. కంటికి సగం వెలుతురుగా కనబడాలంటే 128 కాదు, 2.2 గామాతో 56 పంపాలి. లేకపోతే ఆరడం మెత్తగా ఉండదు, చాలాసేపు ప్రకాశంగా ఉండి చివర్లో ఠక్కున పోతుంది. సెకనుకు మూడుసార్లకు మించి మెరిసే ఎఫెక్టులు వద్దు, మూర్ఛ వచ్చే అవకాశం ఉన్నవారికి అది ప్రమాదం.

ఫాస్ట్‌ఎల్‌ఈడీ లైబ్రరీలో వోల్టులు, మిల్లీఆంపియర్లు చెబితే కరెంటు ఆ హద్దు దాటకుండా వెలుతురు తగ్గించే ఫంక్షన్ ఉంది. 5 వోల్టులు, 12,000 మిల్లీఆంపియర్లు ఇవ్వండి. సప్లై ఎప్పుడూ తన హద్దు దగ్గర నలగదు, చీకటి గదిలో ఆ వెలుతురు ఎక్కువే. శబ్దం కూడా కావాలంటే మెగా మీద పెట్టకండి. ఏ పలక ఎక్కారో, దిగారో సీరియల్‌లో (యూఎస్‌బీ వైరు మీదుగా) కంప్యూటరుకు పంపి అక్కడ మోగించండి. కంప్యూటర్ నుంచి మెగాకు సమాచారం పంపడం మాత్రం నమ్మదగింది కాదు, లైట్లకు డేటా పంపే ఆ 9 మిల్లీసెకన్లలో మెగా వేరే మాట వినదు.

9. పరిచాక

అడుగు ప్లైవుడ్ కింది నేల ఎగుడుదిగుడుగా ఉంటే ఒకటి రెండు పలకలు ఊగుతాయి. పలక ఎత్తి, ఆ మూల ప్యాడ్ ఫోమ్ మీద పలుచని రబ్బరు ముక్క వేయండి. తర్వాత మీ దగ్గరున్న అందరిలో తేలికైన వ్యక్తిని ప్రతి పలక మధ్యలోనూ నాలుగు మూలల్లోనూ నిలబెట్టి చూడండి. బరువైనవాళ్ళతో పరీక్షిస్తే అన్నీ బాగానే పనిచేస్తున్నట్టు కనబడుతుంది.

ఒక పలక స్పందించకపోతే దాన్ని ఎత్తి, నాలుగు ప్యాడ్‌లనూ వేలితో ఒక్కొక్కటిగా ఒత్తుతూ మల్టీమీటరు చూడండి. నిరోధం ఎప్పుడూ సున్నాకు దగ్గరగా చూపిస్తుంటే రెండు రాగి పట్టీల మధ్య ఏదో లోహపు ముక్క పడి ఉంటుంది. అసలు మారకపోతే సోల్డర్ ఊడి ఉంటుంది. లైట్లలో ఒక చోటి నుంచి తర్వాతవన్నీ పిచ్చిగా వెలుగుతుంటే, చివరిగా సరిగ్గా వెలుగుతున్న ఎల్‌ఈడీ గానీ దాని తర్వాతది గానీ పాడైనట్టే. రెండింటినీ కలిపి మార్చేయండి. 13 ఎల్‌ఈడీల ముక్కలు రెండు మూడు ముందే సోల్డర్ చేసి, ప్లగ్గులు పెట్టి, పవర్ సప్లై పెట్టెలోనే ఉంచుకుంటే ప్రదర్శన మధ్యలోనైనా ఐదు నిమిషాల పని.

సందుల్లో చేరే దుమ్మును వారానికోసారి వాక్యూమ్‌తో తీయండి. తడిగుడ్డ పలకల పైభాగానికి మాత్రమే, అదీ బాగా పిండిన తర్వాత.